డెల్టా ఇంట్లో తక్కువ చాకిరీతో రీఫ్ ట్యాంకు: ప్లానింగ్ నుంచి పండగ ప్రయాణం దాకా

రీఫ్ ట్యాంకుకి, అంటే ఇంట్లో బతికున్న పగడాలను పెంచే ఉప్పునీటి ట్యాంకుకి, ఏమేం కొనాలని అడిగేవాళ్లే ఎక్కువ. అందులో ఏమేం పెట్టకూడదో ముందే తేల్చుకుంటే సగం చాకిరీ అక్కడే తగ్గిపోతుంది.

కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు నుంచి అడిగేవారిలో చాలామందికి రొయ్యల చెరువుల పరిచయం ఉంటుంది. సెలైనిటీ (ఉప్పదనం), అల్కలినిటీ (క్షారత్వం), అమ్మోనియా వాళ్లకు కొత్త మాటలు కావు. అది పెద్ద లాభమే. కాకపోతే నీటి రంగు మారగానే ఏదో ఒకటి కలిపే అలవాటు కూడా చెరువు నుంచే వస్తుంది. ఎకరం చెరువులో మోతాదు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, 160 లీటర్ల గాజుపెట్టెలో సర్దుకోదు.

తక్కువ చాకిరీ అంటే అసలు పని ఉండదని కాదు. రోజూ ఐదు నిమిషాలు, వారానికి ఒక గంట పడుతుంది. అంత కూడా కుదరదనుకుంటే మంచినీటి ట్యాంకు పెట్టుకోవడం మేలు.

1. ఏ పగడాలు పెట్టాలి

రాతి పగడాలు సున్నపు అస్థిపంజరం కట్టుకుంటాయి. దానికోసం నీటిలోని కాల్షియాన్నీ అల్కలినిటీనీ రోజూ లాక్కుంటాయి. ఆ లోటు పూడ్చడానికి డోసింగ్ పంపులు, తరచూ టెస్టులు, వాటితో పాటు టెన్షన్. మెత్తటి పగడాలకు ఈ ఖర్చు చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మారిస్తే కొత్త ఉప్పులో ఉన్న ఖనిజాలే వాటికి సరిపోతాయి. ఇక్కడ చెప్పే ప్లానంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

చట్టం కూడా ఇదే దారి చూపిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ షెడ్యూల్ 1 రక్షణలో ఉన్నాయి. సీ ఫ్యాన్‌లు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా రక్షిత జాబితాలోనివే. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి ఎవరైనా చౌకగా ఇస్తామన్నా ముట్టుకోకండి.

మొదటి ఏడాదికి ఈ మెత్తటి పగడాలు చాలు:

- మష్రూమ్‌లు: తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి
- జోయాంథిడ్‌లు: రంగులు బాగుంటాయి
- లెదర్ కోరల్: ఒక్కటి చాలు, పెద్దదవుతుంది
- గ్రీన్ స్టార్ పాలిప్, జీనియా: వేరే రాయి మీద విడిగా పెట్టాలి, లేకపోతే ట్యాంకంతా అల్లుకుపోతాయి

మరొకరి ట్యాంకులో పెరిగిన ముక్కనే, అంటే ఫ్రాగ్‌నే, బిల్లుతో కొనండి.

జోయాంథిడ్‌ల దగ్గర జాగ్రత్త. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు లేకుండా వాటిని కోయవద్దు, గీకవద్దు. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో అసలు వేయవద్దు, ఆ ఆవిరి పీల్చినవాళ్లు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

క్లౌన్ ఫిష్ కొంటే, అది ఆశ్రయం పొందే పువ్వులాంటి జీవి అనిమోన్ కూడా కావాలనుకుంటారు. అక్కర్లేదు. అనిమోన్ ఒకచోట ఉండదు, నడుచుకుంటూ వెళ్లి పంపులో పడితే తెల్లారేసరికి ట్యాంకంతా పాడవుతుంది.

2. సైజు, చోటు

చిన్న ట్యాంకు సులువనేది భ్రమ. నీరు తక్కువైతే వేడీ ఉప్పూ త్వరత్వరగా మారతాయి. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు ఎంచుకోండి. దాదాపు 160 లీటర్లు పడుతుంది. గాజు 10 మిల్లీమీటర్లు ఉంటే దిగులుండదు.

కింద సంప్, అంటే ఫిల్టర్ కోసం రెండో నీటిపెట్టె, పెట్టే పద్ధతి కన్నా, వెనకే ఫిల్టర్ అర ఉండే ట్యాంకు మన ఊళ్లకు నయం. సంప్ ఉన్నచోట కరెంటు పోగానే పై ట్యాంకు నీరు కొంత కిందికి దిగుతుంది. అక్కడ చోటు చాలకపోతే హాలంతా ఉప్పునీరే.

- నీరు, రాళ్లు, స్టాండు కలిపి బరువు 250 కిలోల దాకా వస్తుంది. పై అంతస్తయితే గోడవారగా, బీమ్ మీదికి వచ్చేలా పెట్టండి
- పడమటి ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు
- టీవీ, రౌటర్ మీద ఉప్పు తుంపర పడకుండా దూరం చూసుకోండి
- స్టాండు లెవెల్ సరిచూడండి. ట్యాంకు వెనక చెయ్యి పట్టేంత ఖాళీ వదలండి
- ఆ గదిలో దోమల చక్రం, లిక్విడ్ మెషిన్, స్ప్రే ఏవీ వాడకూడదు

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. దోమల మందుల్లో ఎక్కువగా వాడే పైరిత్రాయిడ్‌లు చేపలకు చెడ్డవి, రొయ్యలకూ పీతలకూ మరీ చెడ్డవి. ఎయిర్ పంపు గదిలోని గాలినే లాగి నీటిలోకి పంపుతుంది. కిటికీలకు దోమల మెష్ బిగించుకోవడమే దారి.

3. నీళ్లు: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే

"సముద్రం గంట ప్రయాణంలో ఉంటే ఉప్పు ప్యాకెట్ ఎందుకండీ?" అని అడుగుతారు. గోదావరి పాయలు కలిసే అంతర్వేది, యానాం, కాకినాడ వైపు ఒడ్డు దగ్గరి నీటిలో బురద, నదినీరు, చెరువుల నుంచి వదిలే నీరు కలుస్తాయి. వరదల నెలల్లో ఉప్పదనం బాగా పడిపోతుంది. ఈ వారం తెచ్చిన డబ్బాకీ వచ్చే వారం డబ్బాకీ పోలిక ఉండదు. రొయ్యల హేచరీ నుంచి తెచ్చుకుందామన్నా, ఆ నీటిని శుద్ధి చేసేది వాళ్ల లార్వాల అవసరానికి, దానికి ఏ రోజు ఏం కలిపారో మనకు తెలియదు. కాబట్టి ఆర్‌ఓ నీరు, రీఫ్ సాల్ట్ ప్యాకెట్. చెరువుల్లో వాడే కల్లుప్పు దీనికి పనికిరాదు, అందులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే.

ఆర్‌ఓ విషయంలో కొన్ని మాటలు.

ఇంట్లో తాగునీటి ఆర్‌ఓకి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సర్దే చిన్న స్క్రూ, మినరల్ క్యాట్రిడ్జ్ ఉంటాయి. రుచి కోసం అవి కొంత లవణాన్ని తిరిగి కలుపుతాయి. ట్యాంకు నీటిని ఆ రెండూ కలవకముందే తీయాలి. ఆ తర్వాత, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపితే టీడీఎస్ సున్నా చూపిస్తుంది. 20 లీటర్ల వాటర్ టిన్నుల టీడీఎస్ ప్లాంటుకొక రకం, వాటిని నమ్ముకోలేం.

డెల్టాలో చాలాచోట్ల బోరునీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో మెంబ్రేన్ తొందరగా పోతుంది. పంచాయతీ, మున్సిపాలిటీ కుళాయి నీరుంటే అదే వాడండి. అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మెంబ్రేన్‌కి ముందు కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి.

సాల్ట్‌ను ఎప్పుడూ విడి డ్రమ్ములో కలపాలి. లీటరుకు సుమారు 36 నుంచి 40 గ్రాములు పడుతుంది, ప్యాకెట్ మీద రాసినంత వేసి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూసుకోండి. డ్రమ్ములో చిన్న పంపు తిప్పుతూ నీరు పూర్తిగా తేటపడ్డాకే వాడండి. మన లక్ష్యాలు:

- సెలైనిటీ: 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35)
- వేడి: 25 నుంచి 27 డిగ్రీలు
- అల్కలినిటీ: 8 నుంచి 9 డీకేహెచ్ (అల్కలినిటీ యూనిట్). ఆక్వా ల్యాబ్ రిపోర్టు లెక్కలో 145 నుంచి 160 పీపీఎం (పది లక్షల్లో భాగాలు)
- కాల్షియం: 400 నుంచి 450 పీపీఎం
- నైట్రేట్: 5 నుంచి 15 పీపీఎం
- ఫాస్ఫేట్: 0.03 నుంచి 0.1 పీపీఎం
- అమ్మోనియా, నైట్రైట్: సున్నా

నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా కావాలని పట్టుబట్టకండి. మెత్తటి పగడాలకు కాస్త మురికి ఉంటేనే బాగుంటుంది.

చెరువు దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనిచేస్తుంది. కాకపోతే మంచినీటితో సున్నా సరిచేసి వదిలేస్తే 35 దగ్గర తేడా రావచ్చు. 963.5 గ్రాముల ఆర్‌ఓ నీటిలో 36.5 గ్రాముల మామూలు వంట ఉప్పు (రీఫ్ సాల్ట్ కాదు) కరిగించండి. ఆ ద్రావణాన్ని చూసినప్పుడు సరిగ్గా 35 కనబడేలా స్క్రూ తిప్పండి. అయితే ఆ పరికరం ట్యాంకుకి ఒకటి, చెరువుకి వేరొకటి ఉండాలి. బకెట్లు, వలలు కూడా అంతే. రోగాలు మోసేది అవే.

4. వేడి

కొనడానికి ముందు ఒక పరీక్ష చేయండి. మే నెలలో, ట్యాంకు పెట్టాలనుకున్న చోట నిండు బకెట్ నీళ్లు పెట్టి థర్మామీటర్ వేయండి. వారం పాటు సాయంత్రం నాలుగింటికి రాసుకోండి. పంపులు, లైట్ల వల్ల ట్యాంకు నీరు దీనికన్నా ఒకట్రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, ఆ సంగతి కలిపే ఈ లెక్క:

- 27 దాటకపోతే: నీటి మీదుగా గాలి తోలే చిన్న ఫ్యాన్లు సరిపోతాయి
- 27, 29 మధ్య: ఫ్యాన్లు, మధ్యాహ్నం పూట ఏసీ
- 29 దాటితే: చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు

ఫ్యాను నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. కాకినాడ, అమలాపురం లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. రాజమండ్రి వైపు వడగాడ్పులు పొడిగా వీచే రోజుల్లో ఇంకాస్త తగ్గుతుంది గానీ నీరు కూడా అంత వేగంగానే ఆవిరవుతుంది. రోజుకు మూడు నాలుగు లీటర్లు పోయినా ఆశ్చర్యం లేదు.

ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. అందుకే తగ్గిన నీటి స్థానంలో ఎప్పుడూ ఉప్పు లేని ఆర్‌ఓ నీరే పోయాలి. ఈ పనికి ఆటో టాప్-ఆఫ్ పెట్టండి. చాకిరీ తగ్గించే పరికరాల్లో ముందు కొనాల్సింది ఇదే. దాని నీటి డబ్బా 20 లీటర్లు మించకుండా చూసుకోండి. సెన్సర్ చెడి అంతా ఒక్కసారే పోసేసినా 35 పీపీటీ 31 దగ్గర ఆగుతుంది, మెత్తటి పగడాలు ఒడిదుడుకులు పడినా సాధారణంగా తట్టుకుంటాయి.

చిల్లర్‌ను తలుపులు మూసిన స్టాండు లోపల పెట్టేవాళ్లున్నారు. అది వదిలే వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటూ కరెంటు తింటుంది గానీ నీరు చల్లబడదు. గాలి ఆడే చోట, వీలైతే గది బయట పెట్టండి. వోల్టేజీ ఊగిసలాడే వీధి అయితే స్టెబిలైజర్ కూడా కావాలి.

చలికాలం పెద్ద సమస్య కాదు. 100 వాట్ల హీటర్ 25 దగ్గర పెట్టి వదిలేయండి.

5. కరెంటు పోతే

చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. 26 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 35 పీపీటీ ఉప్పునీరు ఆరున్నర మాత్రమే పట్టుకుంటుంది. కరెంటు లేనప్పుడు లైటు, చిల్లర్ ఆగినా కొన్ని గంటలు ఫర్వాలేదు. నీటి కదలిక మాత్రం ఆగకూడదు.

- 10 వాట్ల లోపు వేవ్‌మేకర్‌ను (నీటిని కదిలించే చిన్న పంపు) ఇంటి ఇన్వర్టర్ లైనుకు కలపండి, ఇన్వర్టర్‌కి అది లెక్కలోకి రాని బరువు
- కరెంటు పోగానే దానంతటదే తిరిగే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉండాలి
- ట్యాంకు లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించండి
- ప్రతి వైరూ ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు జారిన నీటిచుక్క వైరు అడుగునే రాలిపోతుంది, సాకెట్‌లోకి చేరదు

6. నింపే వరుస

1. ముందు మామూలు నీటితో నింపి రెండు రోజులు లీకులు చూడండి. తర్వాత ఖాళీ చేయండి.
2. రాళ్లు ముందు, ఇసుక తర్వాత. డ్రై రాక్ లేదా సిరామిక్ రాక్ 12 నుంచి 15 కిలోలు అడుగు గాజు మీదే కదలకుండా పేర్చండి. ఇసుక మీద పేరిస్తే, తవ్వే చేపలు చేరాక రాళ్లు కూలతాయి.
3. రాళ్లకూ గాజుకూ మధ్య స్క్రాపర్ పట్టేంత ఖాళీ ఉంచండి.
4. కడిగిన అరగొనైట్ (సున్నపు) ఇసుక అంగుళం మందం చాలు. బీచ్ ఇసుక వద్దు, అందులో నల్ల ఖనిజపు రేణువులూ ఇంకా ఏమేమో ఉంటాయి.
5. డ్రమ్ములో కలిపిన ఉప్పునీరు నింపి, పంపులు నడిపించండి. లైటు వేయకండి.
6. అమ్మోనియా కలిపి 2 పీపీఎం దాకా తీసుకురండి, దాన్ని తినే బ్యాక్టీరియా పెరగడానికే ఇది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కలిపితే పని కొంచెం త్వరగా అవుతుంది. చెరువు ప్రోబయోటిక్ దానికి బదులు కాదు.
7. కలిపిన అమ్మోనియా, దాన్నుంచి పుట్టిన నైట్రైట్ ఒక్క రోజులోనే సున్నాకు చేరే దాకా ఆగండి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు.
8. మూడో వంతు నీరు మార్చి లైటు మొదలుపెట్టండి.

అమ్మోనియా కిట్ ఉప్పునీటికి పనికొచ్చేదో కాదో కొనేముందు అడగండి, అన్నీ పనికిరావు. నీటి కదలికకు గంటకు 2500 నుంచి 3000 లీటర్లు తిప్పే పంపులు చాలు. లైటు మొదట సగం వెలుతురుతో, రోజుకు ఎనిమిది గంటలు, టైమర్ మీద.

లైటు వేసిన కొద్ది వారాలకు ఇసుక మీద గోధుమరంగు పొర కమ్ముతుంది. డయాటమ్‌లు. దాన్ని చూసి చాలామంది మందుల కోసం పరిగెడతారు. దాని మానాన దాన్ని వదిలేస్తే పోతుంది.

7. జీవులను దించే వరుస

మొదట నత్తలు, నాలుగైదు సన్యాసి పీతలు. చెరువు నత్తలు ఇందులో బతకవు, ట్రోకస్, టర్బో లాంటి సముద్రపు నత్తలే కావాలి. రెండు వారాల తర్వాత మష్రూమ్‌లు, గ్రీన్ స్టార్ పాలిప్. ఆ తర్వాత చేపలు.

మొత్తం చేపలు నాలుగైదు మించవద్దు. ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్‌లు, ఒక ఫైర్‌ఫిష్, ఒక వాచ్‌మన్ గోబీ. వాటితో ఒక క్లీనర్ ష్రింప్. క్లౌన్ ఫిష్‌ను హేచరీల్లో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది కాబట్టి హేచరీలో పుట్టినవే అడిగి కొనండి. అవి పొడి మేతకు అలవాటుపడి ఉంటాయి. నీలం డామ్‌సెల్ చౌక, అందం కూడా, కానీ మిగతావాటిని బతకనివ్వదు. మాండరిన్ చేపకు బతికున్న కోపెపాడ్‌లు (సన్నటి నీటిపురుగులు) కావాలి, ఈ సైజు ట్యాంకులో ఆకలితో చస్తుంది.

ప్రతి చేపనూ నాలుగు వారాలు విడి క్వారంటైన్ ట్యాంకులో ఉంచండి. 40 లీటర్ల డబ్బా, స్పాంజి ఫిల్టర్, పైన మూత చాలు. చేపలకు వచ్చే తెల్లమచ్చల రోగం మెయిన్ ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నీ బయటికి తీసి రెండున్నర నెలలు ఆగాలి, దానికన్నా ఈ డబ్బా ఎంతో సుఖం.

8. వారం పని

ఆదివారం ఒక గంట:

- అద్దాలు గీకడం
- 15 లీటర్ల పాత నీరు తీసి, అదే వేడి, అదే సెలైనిటీ ఉన్న కొత్త నీరు పోయడం. నెలకు దాదాపు రెండున్నర కిలోల సాల్ట్ అవుతుంది
- ఫిల్టర్ స్పాంజిని తీసిన పాత నీటిలోనే పిండడం
- సెలైనిటీ, అల్కలినిటీ చూసి గోడ క్యాలెండర్ మీద రాయడం

నెలకోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ చూసి కార్బన్ సంచి మార్చండి. లెదర్ కోరల్ నీటిలోకి వదిలే రసాయనాలు పక్క పగడాలను ఇబ్బంది పెట్టకుండా ఆ కార్బనే ఆపుతుంది. మూడు నెలలకోసారి పంపులను వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టండి.

తీసిన ఉప్పునీటిని కొబ్బరి మొక్కలకో, కాలువలోకో పోయకండి. ఇంటి డ్రైనేజీలోకి వదలండి.

9. మామూలుగా జరిగే తప్పులు

పచ్చటి నాచు జుట్టులా పెరుగుతోంది. మేత ఎక్కువైంది, లేదా ఆర్‌ఓ టీడీఎస్ పెరిగింది. మేత సగం చేసి, రెసిన్ మార్చి, చేత్తో పీకేయండి. చెరువులో నాచుకు వాడే కాపర్ సల్ఫేట్ మాత్రం ఇంటి గడప దాటనివ్వకండి. రాగి పగడాలనూ రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది.

ఎర్రటి జిగురు పొర. నీరు కదలని మూలల్లో పట్టే సయనోబ్యాక్టీరియా. గొట్టంతో లాగేసి, వేవ్‌మేకర్‌ను ఆ మూలకు తిప్పండి.

లెదర్ కోరల్ ముడుచుకుని మైనం పూసినట్టుంది. వారం రోజులు ఊరుకోండి. పైపొర వదిలి మళ్లీ విచ్చుకుంటుంది. ముట్టుకోవద్దు.

సెలైనిటీ 38కి చేరింది. ఎవరో తగ్గిన నీటికి ఉప్పునీరు పోశారు. రోజుకు ఒక పీపీటీ చొప్పున దించండి. ఒకేసారి సరిచేయడం అసలు తప్పు కన్నా ఎక్కువ హాని.

అల్కలినిటీ పడిపోతూ ఉంది. నీరు మార్చడం మానేశారేమో చూడండి. మానకపోయినా పడుతుంటే ఉప్పు బ్యాచ్‌ని పరీక్షించండి. చెరువు మినరల్ మిక్స్ పోయడం వద్దు.

10. తుఫాను, పండగ

అక్టోబరు, నవంబరులో వాయుగుండం వార్త రాగానే:

- 40 లీటర్ల ఉప్పునీరు కలిపి మూత పెట్టి ఉంచండి
- బ్యాటరీ పంపు, ఇన్వర్టర్ నీళ్లు చూసుకోండి
- ముందురోజు నుంచే మేత ఆపండి. ఖాళీ కడుపు చేప తక్కువ ఆక్సిజన్ వాడుతుంది, నీరూ పాడవదు
- కరెంటు రోజంతా రాకపోతే చెంబుతో నీరు తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి

సంక్రాంతికి ఊరెళ్తే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. అంతకు మించితే పక్కింటివారికి చెప్పండి గానీ మేత డబ్బా చేతికివ్వకండి. ఒక్కో రోజుకు చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, వాటి మీద తేదీలు రాసి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేయండి. వాళ్లు రోజూ చూడాల్సినవి రెండే: వేవ్‌మేకర్ తిరుగుతోందా, టాప్-ఆఫ్ డబ్బాలో నీరుందా. చుట్టాల పిల్లలు మీ ఇంటికే వచ్చే పండగైతే, ఆ పొట్లాలు కూడా తాళం లోపలే ఉండాలి.